లౌడన్ కౌంటీ ఓటు: రంగు మారిందా, మనుషులు మారారా?

ఆష్‌బర్న్ వాసి | నవంబరు 8, 2025

సభ్యులందరికీ నమస్కారం. మంగళవారం వర్జీనియా గవర్నర్ ఎన్నిక ఫలితాలు వెలువడినప్పటి నుండి మా వీధిలోనూ, వాట్సాప్ బృందాలలోనూ ఒకటే మాట వినబడుతోంది: లౌడన్ కౌంటీ ఇక డెమోక్రాట్ల కంచుకోట అని. నేను 2003లో ఆష్‌బర్న్‌లో ఇల్లు కొన్నప్పుడు ఇదే కౌంటీని రిపబ్లికన్ల కంచుకోట అనేవారు. అప్పుడు ఆ మాట నిజమే. 1968 నుండి 2004 వరకు వరుసగా పది అధ్యక్ష ఎన్నికలలో ఈ కౌంటీ రిపబ్లికన్ అభ్యర్థికే మెజారిటీ ఇచ్చింది. 2004లో బుష్‌కు దాదాపు 56 శాతం ఓట్లు వచ్చాయి. నాలుగేళ్లు తిరక్కుండానే ఒబామాకు 54 శాతానికి దగ్గరగా వచ్చాయి. 1964లో జాన్సన్ తరువాత ఇక్కడ గెలిచిన మొదటి డెమోక్రాట్ ఆయనే. 2020లో బైడెన్‌కు 61 శాతం దాటింది.

నా సందేహం ఇది. ఇరవై ఏళ్లలో ఒక ఊరివాళ్లు ఇంతగా మనసు మార్చుకుంటారా? లేక మనసు ఎవరూ మార్చుకోలేదా, పాతవారి పక్కన కొత్తవారు వచ్చి చేరారా? రెండోదే నిజమైతే, ఆ కొత్తవారిలో మన తెలుగువాళ్లు కూడా గణనీయంగా ఉన్నారు కనుక, మనం ఎటు మొగ్గుతున్నామో, ఎందుకు మొగ్గుతున్నామో మాట్లాడుకోవలసిన అవసరం ఉంది. పార్టీల ప్రచారం కాకుండా, అంకెలు తెలిసినవారు, ఇక్కడ ఏళ్ల తరబడి ఉన్నవారు తమ అనుభవం రాస్తే ఉపయోగపడుతుంది.

లెక్కల పంతులు | నవంబరు 8, 2025

ఆష్‌బర్న్ వాసి గారూ, మీ రెండో ఊహకే ఎక్కువ ఆధారం ఉంది. జనాభా లెక్కలు చూడండి. 1990లో ఈ కౌంటీలో 86,129 మంది ఉండేవారు. 2000లో 1,69,599. 2010లో 3,12,311. 2020లో 4,20,959. అంటే ముప్పై ఏళ్లలో దాదాపు అయిదింతలు. 1962లో డల్లెస్ విమానాశ్రయం వచ్చినా చాలాకాలం ఇక్కడ పాడి పశువులు, గుర్రాలు, మొక్కజొన్న చేలే ఉండేవి. తొంభైలలో ఏఓఎల్ వంటి ఇంటర్నెట్ కంపెనీలు వచ్చాక, వాటి చుట్టూ ఇంటర్నెట్ తీగలు చేరాక, తూర్పు భాగం పూర్తిగా మరో ఊరైపోయింది. 2020 లెక్కల ప్రకారం ఇక్కడి ప్రతి అయిదుగురిలో ఒకరు ఆసియా మూలాలున్నవారు.

ఓట్లను శాతాలలో కాక సంఖ్యలలో చూస్తే ఇంకొంత స్పష్టమవుతుంది. 2004లో బుష్‌కు వచ్చినవి 60,382 ఓట్లు. 2020లో ట్రంప్‌కు వచ్చినవి 82,088. అంటే రిపబ్లికన్ ఓట్లు తగ్గలేదు, పెరిగాయి. కానీ అదే కాలంలో డెమోక్రాట్ల ఓట్లు 47,271 నుండి 1,38,372కు చేరాయి. పాత ఓటర్లందరూ అటు నుండి ఇటు దూకి ఉంటే మొదటి సంఖ్య పడిపోవాలి. అలా జరగలేదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. ఒబామా గెలిచిన మరుసటి ఏడే, 2009లో, గవర్నర్ ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి బాబ్ మెక్‌డానెల్‌కు ఇదే కౌంటీ 60 శాతానికి పైగా ఓట్లు ఇచ్చింది. 2017లో, ట్రంప్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, డెమోక్రాట్ రాల్ఫ్ నార్తమ్‌కు సుమారు 20 శాతం పాయింట్ల ఆధిక్యం. 2021లో, బైడెన్ హయాంలో, డెమోక్రాట్ టెర్రీ మెకాలిఫ్‌కు వచ్చిన ఆధిక్యం 11కు పడిపోయింది, రాష్ట్రం మొత్తం మీద గ్లెన్ యంగ్‌కిన్ గెలిచారు. 2024లో కమలా హారిస్ ఆధిక్యం 16, 17 పాయింట్ల దగ్గర ఆగింది. బైడెన్‌కు అది 25. 2024 ఫలితాల రాత్రి దేశమంతా టీవీల ముందు కూర్చున్నవారు మన కౌంటీ అంకె చూసే గాలి ఎటు వీస్తుందో పసిగట్టారు. ఇప్పుడు గవర్నర్‌గా గెలిచిన డెమోక్రాట్ అబిగైల్ స్పాన్‌బెర్గర్‌కు మళ్లీ మూడింట రెండు వంతులకు దగ్గరగా వచ్చాయి. 1977 నుండి చూస్తే, వైట్‌హౌస్‌లో ఉన్న పార్టీకి వర్జీనియా గవర్నర్ పదవి దక్కింది ఒక్క 2013లోనే. లౌడన్ ఊగిసలాట కూడా చాలావరకు దాని వెంటే నడుస్తుంది. కనుక కంచుకోట అనే మాట నేను వాడను. పునాది డెమోక్రాట్ల వైపు జరిగింది, కానీ దాని మీద నిలబడినవారు ప్రతి ఎన్నికకూ కదులుతూనే ఉన్నారు.

పర్సెల్‌విల్ తోటమాలి | నవంబరు 8, 2025

పంతులు గారు ఇచ్చిన అంకెలు తూర్పు లౌడన్ గురించి సరిగా చెబుతాయి. నేను పదకొండేళ్లుగా పర్సెల్‌విల్ దగ్గర కొద్దిపాటి భూమిలో ఉంటున్నాను, అందుకే పడమటి వైపు మాట కూడా చేర్చాలనిపించింది. ఆష్‌బర్న్ నుండి ఏడో నంబరు రోడ్డు మీద లీస్‌బర్గ్ దాటి ఇరవై నిమిషాలు వస్తే ఇది అదే కౌంటీ అని నమ్మబుద్ధి కాదు. రాతి గోడల మధ్య మట్టి రోడ్లు, ద్రాక్షతోటలు, మిడిల్‌బర్గ్ వైపు వెళితే గుర్రాల శాలలు. ఇక్కడి పాత కుటుంబాలలో చాలామంది ఇప్పటికీ రిపబ్లికన్లకే ఓటు వేస్తారు. వారికి అది పార్టీ మీద మోజు కాదు. పన్ను తక్కువగా ఉండాలి, నేల నేలగానే మిగలాలి, తమ మీద పెత్తనం ఉండకూడదు, ఇదే వారి కోరిక.

అయితే పడమటి లౌడన్ అంతా ఎప్పుడూ ఒకే మాట మీద లేదు. 1861లో యూనియన్ నుండి విడిపోవాలా వద్దా అని వర్జీనియాలో ఓటు జరిగినప్పుడు కౌంటీ మొత్తం విడిపోవడానికే మొగ్గినా, వాటర్‌ఫర్డ్‌లోని క్వేకర్లు, లవెట్స్‌విల్‌లోని జర్మన్ మూలాల రైతులు భారీగా వ్యతిరేకంగా ఓటు వేశారు. ఒకే కౌంటీలో రెండు మనసులు ఉండటం ఇక్కడ నూట అరవై ఏళ్లనాటి సంగతి.

మొన్నటి ఎన్నికలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది గవర్నర్ ఫలితం కాదు, మా ముప్పయ్యో నంబరు డెలిగేట్ (రాష్ట్ర దిగువ సభ సభ్యుడి) స్థానం. మా పడమటి లౌడన్‌తో పాటు ఫాకియర్ కౌంటీలో కొంత భాగం దీనిలోకి వస్తుంది. ఇది రిపబ్లికన్ల చేతిలో ఉండేది. స్వల్ప తేడాతో డెమోక్రాట్ జాన్ మెకాలిఫ్ గెలిచారు. (పంతులు గారు చెప్పిన మాజీ గవర్నర్ టెర్రీ మెకాలిఫ్ వేరు, ఈయన వేరు.) ఆయన ప్రచారంలో జాతీయ రాజకీయాల కంటే డేటా సెంటర్ల (ఇంటర్నెట్‌ను నడిపే కంప్యూటర్లుండే భారీ భవనాల) మాటే ముందు వినబడింది. ఇవి ఎవరికి లాభం, వీటికి కావలసిన హైటెన్షన్ స్తంభాలు ఎవరి పొలం మీదుగా పోవాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అని ఇంటింటికీ తిరిగి అడిగారు. నా పక్క పొలం ఆయన జీవితాంతం రిపబ్లికన్. గేటు దగ్గర నిలబడి నాతో అన్న మాట ఇది: "నా చెట్ల మీదుగా తీగ వస్తుందంటే ఆపేవాడు ఏ పార్టీవాడైతే నాకేమిటి?" ఆయన ఎవరికి ఓటు వేశారో నేను అడగలేదు. కానీ ఆయన కంచెకు ఎన్నికల బోర్డు ఏదీ లేకపోవడం ఈ పదకొండేళ్లలో నేను మొదటిసారి చూశాను.

బ్రాంబుల్టన్ తల్లి | నవంబరు 9, 2025

నేను 2021లో యంగ్‌కిన్ గారికి, ఇప్పుడు స్పాన్‌బెర్గర్ గారికి ఓటు వేశాను. మా తెలుగు మిత్రబృందంలో ఇలా వేసినవారు నాతో కలిపి నలుగురు ఉన్నారు. మేము నిలకడ లేనివాళ్లమని కొందరు అంటారు. అందుకే కారణాలు రాస్తున్నాను.

2021లో నాకు ముఖ్యమైనది బడి. కోవిడ్ తరువాత బడులు పూర్తిగా తెరవడానికి పట్టిన కాలం మా చిన్నదాని చదువును బాగా దెబ్బతీసింది. దానికి తోడు, పక్క కౌంటీ ఫెయిర్‌ఫాక్స్‌లోని థామస్ జెఫర్సన్ హైస్కూలులో 2020 చివర ప్రవేశ పరీక్షను తీసివేశారు. లౌడన్ పిల్లలు కూడా ఆ బడికి దరఖాస్తు చేస్తారు. మొదటి ఏడాదిలోనే ఆసియా పిల్లల వాటా 73 శాతం నుండి 54 శాతానికి పడిపోయింది. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు, 2023లో అప్పీలు కోర్టులో ఓడిపోయారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకే తీసుకోలేదు. పేద పిల్లలకు అవకాశం రావాలనే ఉద్దేశం మంచిదేనని నేను ఇప్పటికీ అంటాను. కానీ రెండేళ్లు రాత్రి పదింటి వరకు లెక్కలు చేసిన పిల్లకు "పరీక్షే లేదమ్మా" అని చెప్పవలసి వచ్చిన తల్లి బాధ ఆనాడు పట్టించుకున్నది ఒక పక్షమే. 2021లోనే మా కౌంటీ బడులలో రెండు లైంగిక దాడులు జరిగాయి, వాటిని అధికారులు నడిపిన తీరు మమ్మల్ని భయపెట్టింది. స్కూల్ బోర్డు సమావేశాలు జాతీయ వార్తలయ్యాయి. ఆ కోపం నిజమైనది.

ఈ ఏడాది రిపబ్లికన్ అభ్యర్థి విన్సమ్ ఎర్ల్-సియర్స్ మళ్లీ బడుల మాటే ఎత్తారు. కానీ మా ఇంట్లో పరిస్థితి మారిపోయింది. మా వారు ఫెడరల్ కాంట్రాక్టు మీద పనిచేస్తారు. అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది, పోలింగ్ నాటికి నెల దాటింది, ఆ నెల జీతం రాలేదు. మా వీధిలో ఇద్దరికి వసంతంలోనే ఉద్యోగాలు పోయాయి. బడి గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ ఇంటి వాయిదా కట్టే తేదీ ముందుకు వచ్చి నిలబడినప్పుడు ఏది ముందో ఏది వెనుకో మారుతుంది. ఇది నిలకడ లేకపోవడమని నేను ఒప్పుకోను.

పోలింగ్ కేంద్రం పనివాడు | నవంబరు 9, 2025

అమ్మా, మీరు చెప్పింది నేను మంగళవారం నాడు కళ్లారా చూశాను. నేను అయిదేళ్లుగా మా ప్రిసింక్టులో (ఒక పోలింగ్ కేంద్రం పరిధిలో) ఎన్నికల అధికారిగా పనిచేస్తున్నాను. తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి, ఆరింటికి తలుపులు తెరిచి, రాత్రి ఏడింటికి మూసి, ఆ తరువాత లెక్క సరిచూసి ఇంటికి వస్తాము. ఎవరు ఎవరికి వేశారో మాకు తెలియదు, తెలుసుకోవాలని చూడము. కానీ ఎవరు వస్తారో, ఎవరు రారో మాత్రం తెలుస్తుంది.

వర్జీనియాలో ఓటరు బల్ల దగ్గరకు వచ్చి పేరు, చిరునామా తానే చెప్పాలి, లేదా రాసి చూపాలి. మేము ఆ పేరును తిరిగి పైకి చదవాలి. మనవాళ్లు వచ్చినప్పుడు ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. ఇంటిపేరు ముందు చెప్పే అలవాటు ఒకరిది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో సొంత పేరు పడిపోయింది మరొకరిది. పక్క బల్ల దగ్గర అమెరికన్ పెద్దావిడ మనవారిలో ఒక పెద్దాయన పేరు మూడుసార్లు వెతికి "మీ పేరు జాబితాలో లేదు" అనబోతుంటే, నేను లేచి వెళ్లి, పేరు వెనుకది ముందుకు మార్చి వెతికితే కనబడింది. ఆ పెద్దమనిషి ముఖంలో వచ్చిన తేట నాకు ఆ రోజంతా గుర్తుంది. ఆయన ఏడు పదులవారు, పౌరసత్వం వచ్చాక ఇది రెండో ఓటు అన్నారు.

ఇక మొగ్గు విషయానికి వస్తే, ఒక సంగతి చాలామందికి తెలియదు. వర్జీనియాలో గవర్నరు, డెలిగేటు, కాంగ్రెసు వంటి పదవులకు బ్యాలట్ మీద అభ్యర్థి పేరు పక్కన పార్టీ ఉంటుంది. సూపర్‌వైజర్ల బోర్డు (కౌంటీ పాలకమండలి), స్కూల్ బోర్డు, షెరిఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), కౌంటీ ప్రాసిక్యూటర్ వంటి స్థానిక పదవులకు ఉండదు. పేరు మాత్రమే ఉంటుంది. అందుకే కేంద్రం గుమ్మానికి నలభై అడుగుల అవతల రెండు పార్టీల వాళ్లూ బల్లలు వేసుకుని నమూనా బ్యాలట్లు పంచుతారు. ఆ కాగితం తీసుకోని ఓటరు, ముందుగా చదువుకోని ఓటరు, లోపలికి వచ్చి కింది పేర్ల దగ్గర ఆగిపోతాడు. ఆ గళ్లు ఖాళీగా వదిలి కాగితాన్ని యంత్రంలో పెట్టి వెళ్లిపోయేవారు కొందరుంటారని రాత్రి లెక్కలో తెలుస్తుంది.

ఇక ఆ గళ్లు నింపేవారు పార్టీని చూసే నింపుతారనుకుంటే పొరపాటు. బైడెన్‌కు 25 పాయింట్ల ఆధిక్యం ఇచ్చిన ఈ కౌంటీయే షెరిఫ్‌గా రిపబ్లికన్ మైక్ చాప్‌మన్‌ను 2011, 2015, 2019, 2023లలో వరుసగా నాలుగుసార్లు ఎన్నుకుంది. 2019లో ప్రాసిక్యూటర్‌గా గెలిచిన డెమోక్రాట్ బూటా బిబెరాజ్ 2023లో రిపబ్లికన్ బాబ్ ఆండర్సన్ చేతిలో కొన్ని వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు. సూపర్‌వైజర్ల బోర్డుకు 2011లో తొమ్మిదికి తొమ్మిదీ రిపబ్లికన్లకే వచ్చాయి. ఎనిమిదేళ్లకు, 2019లో, ఆరు డెమోక్రాట్లకు, మూడు రిపబ్లికన్లకు. ఇదంతా ఒకే కౌంటీ, ఒకే ఓటర్ల జాబితా.

వేచివున్నవాడు | నవంబరు 9, 2025

పెద్దలకు నమస్కారం. నేను 2012 నుండి స్టెర్లింగ్‌లో ఉంటున్నాను. నాకు ఓటు లేదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. వాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతం మించకూడదన్న నియమం ఉంది కనుక, భారత్‌లో పుట్టిన నాలాంటివారి వరుస కదలదు. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా పౌరసత్వానికి సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. ఈ లోపల నేను ఇంటి పన్ను కడుతున్నాను, కారుకు కౌంటీ వేసే పన్ను కడుతున్నాను, పిల్లలను ఇక్కడి బడికి పంపుతున్నాను. సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి, అది మాలాంటి పాతవారికి వర్తించదని తేలే వరకు, మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. మా అమ్మను చూడడానికి కొన్న టికెట్టు రద్దు చేసుకున్నాను.

నేను రాయదలచినది ఫిర్యాదు కాదు. "తెలుగువాళ్లు ఎటు ఓటు వేస్తున్నారు" అని మీరు అడుగుతున్నప్పుడు, ఓటున్న తెలుగువారు, ఓటు లేని తెలుగువారు రెండు వేర్వేరు తరాలని గమనించండి. తొంభైలలో, రెండు వేల తొలి సంవత్సరాలలో వచ్చినవారికి ఇళ్ల అప్పులు తీరాయి, పిల్లలు కాలేజీకి వెళ్లారు. వారికి పన్నులు, చదువులు ముఖ్యం. నా తరానికి వీసా ముఖ్యం. బతుకమ్మ నాడు పార్కులో వెయ్యిమంది కనబడితే అభ్యర్థులు వెయ్యి ఓట్లు అనుకుని వస్తారు. వారిలో ఓటు ఉన్నవారు ఎందరో వారికి తెలియదు.

నిర్వాహకులు | నవంబరు 9, 2025

రాత్రి తొలగించిన రెండు వ్యాఖ్యలు కౌంటీకి సంబంధించనివి, కులం పేరుతో రాసినవి. విషయం మీదనే రాయవలసిందిగా మనవి.

ఫ్రిస్కో మిత్రుడు | నవంబరు 9, 2025

పోలిక కోసం మా టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీ సంగతి రాస్తున్నాను. ఇక్కడ కూడా అవే ఇళ్లు, అవే ఐటీ ఉద్యోగాలు, మనవాళ్లు బహుశా మీకంటే ఎక్కువ. 2012లో రామ్నీకి ఇక్కడ దాదాపు 65 శాతం వచ్చాయి, 2020లో ట్రంప్‌కు 51 శాతమే. మేమూ లౌడన్ దారిలోనే వెళుతున్నామని అప్పుడు అందరూ రాశారు. 2024లో ట్రంప్‌కు మళ్లీ 54 శాతం వరకు వచ్చాయి. చదువు, ఆదాయం, వలస ఒకేలా ఉన్నా ఫలితం ఒకేలా రాలేదు. నా ఉద్దేశంలో తేడా ఎక్కడంటే, మీ జీతాలలో పెద్ద భాగం ఫెడరల్ ప్రభుత్వం నుండి నేరుగానో చుట్టుతిరిగో వస్తుంది, మావి రావు.

రెండో తరం | నవంబరు 10, 2025

నాకు ఇరవై ఏళ్లు. తెలుగు ఇంట్లో నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. రిపబ్లికన్ ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ గారి కుటుంబం ఆంధ్ర నుండి వచ్చింది కనుక మనం అటు వేయాలని ఒక మావయ్య, డెమోక్రాట్ ఘజాలా హష్మీ గారు హైదరాబాదులో పుట్టారు కనుక ఇటు వేయాలని ఇంకొక మావయ్య మా ఇంట్లో వాదించుకున్నారు. హష్మీ గారు లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన రోజు నాకూ సంతోషం కలిగింది. మేరీలాండ్‌లో అదే పదవిలో ఉన్న అరుణా మిల్లర్ గారు కూడా హైదరాబాదులోనే పుట్టారు. కానీ నేను, నా స్నేహితులు ఓటు వేసేటప్పుడు ఎవరు ఎక్కడ పుట్టారని చూడలేదు. లౌడన్‌లో చదువు ముగించుకుని లౌడన్‌లోనే అద్దెకు ఉండగలమా అని చూశాము. దేశంలోనే అత్యధిక కుటుంబ ఆదాయం ఉన్న కౌంటీ అని అందరూ గర్వంగా చెబుతారు. మా బడిలో పాఠం చెప్పిన టీచరు గారు రోజూ వెస్ట్ వర్జీనియా నుండి కారులో వచ్చేవారు.

లెక్కల పంతులు | నవంబరు 10, 2025

రెండో తరం గారూ, మీ తెలుగులో తప్పులు లేవు, మీ ప్రశ్న అందరికంటే సూటిగా ఉంది.

వేచివున్నవాడు గారు చెప్పిన సంగతికి ఒక అంకె జతచేస్తాను. కార్నెగీ సంస్థ దేశవ్యాప్తంగా భారతీయ మూలాలున్న ఓటర్లపై చేసిన సర్వేలలో, 2020లో బైడెన్ వైపు మొగ్గినవారు 72 శాతం, ట్రంప్ వైపు 22 శాతం. 2024లో హారిస్ వైపు 61 శాతం, ట్రంప్ వైపు 30 శాతం దాటింది. అంటే మెజారిటీ మారలేదు, కానీ పదిమందిలో ఒకరు కదిలారు. లౌడన్‌లో బైడెన్ నుండి హారిస్‌కు తగ్గిన ఆధిక్యాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, రెండూ ఒకే దిశలో నడిచాయని తెలుస్తుంది. ధరలు, వడ్డీ రేట్లు, సరిహద్దు గురించి ఆ ఏడాది దేశమంతా ఉన్న అసంతృప్తి ఇక్కడా ఉంది.

అభ్యర్థుల విషయంలో కూడా మనవాళ్లను ఒకే సంచిలో వేయలేము. 2024లో పదో కాంగ్రెసు స్థానంలో గెలిచిన సుహాస్ సుబ్రమణ్యం డెమోక్రాట్. వర్జీనియా నుండి కాంగ్రెసుకు వెళ్లిన మొదటి భారతీయ మూలాల వ్యక్తి ఆయన. అదే స్థానాన్ని ఫ్రాంక్ వుల్ఫ్ అనే రిపబ్లికన్ 1981 నుండి 2015 వరకు నిలుపుకున్నారు. సుబ్రమణ్యం ఖాళీ చేసిన రాష్ట్ర సెనేట్ స్థానంలో ఈ ఏడాది జనవరిలో కణ్ణన్ శ్రీనివాసన్ గెలిచారు. శ్రీనివాసన్ ఖాళీ చేసిన డెలిగేట్ స్థానానికి అదే రోజు జరిగిన ఉప ఎన్నికలో డెమోక్రాట్ జేజే సింగ్, రిపబ్లికన్ రామ్ వెంకటాచలం పోటీపడ్డారు, సింగ్ గెలిచారు. రెండు పక్కలా భారతీయ పేర్లే ఉన్నప్పుడు పేరు చూసి ఓటు వేయడం ఎలాగూ కుదరదు.

మిత్రుడు ఫ్రిస్కో నుండి రాసినది చాలావరకు ఒప్పుకుంటాను. ఒక్కటి చేర్చాలి. లౌడన్‌లో కౌంటీ ఖజానాను నింపుతున్నది డేటా సెంటర్లు. వాటి పన్ను వల్లనే ఇళ్ల మీద పన్ను రేటు తగ్గుతూ వచ్చి ఈ ఏడాది వంద డాలర్ల విలువకు 80.5 సెంట్లకు దిగింది. ఇక్కడ ఓటరు ఇరకాటంలో ఉన్నాడు: తన పన్ను తగ్గించినవీ అవే, తన కిటికీ ముందు లేచినవీ అవే. మార్చిలో సూపర్‌వైజర్ల బోర్డు, ఇకపై డేటా సెంటర్ కట్టాలంటే ప్రతిదానికీ బోర్డు అనుమతి, బహిరంగ విచారణ ఉండాలని నిర్ణయించింది. అంతకుముందు కొన్ని ప్రాంతాలలో ఆ అవసరం లేకుండానే కట్టుకోగలిగేవారు. ఈ తీర్మానాన్ని ఎరుపు (రిపబ్లికన్), నీలం (డెమోక్రాట్) అనే రెండు రంగులతో అర్థం చేసుకోలేము.

పర్సెల్‌విల్ తోటమాలి | నవంబరు 10, 2025

ఆ బహిరంగ విచారణలకు నేను లీస్‌బర్గ్ వెళ్లాను. రాత్రి పొద్దుపోయే దాకా నిలబడి మాట్లాడినవారిలో రైతులు, గుర్రాల వాళ్లు, తూర్పు నుండి వచ్చిన టౌన్‌హౌస్ వాళ్లు ఉన్నారు. ఆ రెండు లౌడన్లూ ఒకే వరుసలో మైకు కోసం నిలబడటం నేను అక్కడే చూశాను. తెలుగువారు మాత్రం నాతో కలిపి ఇద్దరమే ఉన్నాము. డేటా సెంటర్ల పక్కనే ఇళ్లు కొన్నవారిలో మనవాళ్లు అంతమంది ఉండగా, ఇది నాకు చాలా బాధ కలిగించింది.

ఆష్‌బర్న్ వాసి | నవంబరు 11, 2025

అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి ప్రశ్నను ఇప్పుడు నేను వేరేగా అడుగుతాను. కౌంటీ రంగు మారడానికి కారణం ఎక్కువగా మనుషులు మారడమేనని పంతులు గారి అంకెలు చూపించాయి. కానీ అలా వచ్చినవారు ఏ పార్టీకీ రాసిచ్చిన ఆస్తి కారని బ్రాంబుల్టన్ సోదరి గారు, పోలింగ్ కేంద్రం మిత్రులు చెప్పినదానిలో ఉంది. వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ పేరు అడగరు. ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) రోజున ఏదో ఒక పార్టీ బ్యాలట్ అడిగి తీసుకోవచ్చు, మరుసటి ఏడాది రెండోదానిది తీసుకోవచ్చు. ఈ వెసులుబాటు మన స్వభావానికి సరిపోయిందని నాకు అనిపిస్తోంది.

నా గురించి ఒక నిజం చెప్పాలి. 2008 నుండి ఏ అధ్యక్ష ఎన్నికనూ నేను వదలలేదు. 2011, 2015, 2019లలో బోర్డు ఎన్నికలకు వెళ్లలేదు. 2015లో ఆఫీసు పని ఉంది, మిగతా రెండుసార్లు కారణం కూడా లేదు. మా ఇంటి వెనుక చెట్లు కొట్టి డేటా సెంటర్ లేచినప్పుడు, దానికి దారి ఇచ్చిన నియమాలు ఎప్పటివని అడిగాను. అవి నేను ఓటు వేయని ఏళ్లలో కూర్చున్న బోర్డులు కొనసాగించినవేనని తెలిసింది.

పోలింగ్ కేంద్రం మిత్రులకు ఒక ప్రశ్న: 2027 నవంబరులో సూపర్‌వైజర్లు, షెరిఫ్, ప్రాసిక్యూటర్ ఎన్నికలు ఉన్నాయి కదా. అప్పటికి మా అమ్మగారికి పౌరసత్వం వస్తుంది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. నేను లోపలికి వెళ్లి సాయం చేయవచ్చునా?

పోలింగ్ కేంద్రం పనివాడు | నవంబరు 11, 2025

చేయవచ్చు. చదవలేనివారు తమకు నచ్చిన మనిషిని సాయానికి తెచ్చుకోవచ్చు. ఆ మనిషి ఆమె పనిచేసే చోటి యజమాని గాని, ఆమె సభ్యురాలైన యూనియన్ ప్రతినిధి గాని కాకూడదు, అంతే. బల్ల దగ్గర ఒక ఫారం ఇస్తారు, దాని మీద మీరిద్దరూ సంతకం చేయాలి. ఆమె చెప్పినట్టే గుర్తు పెట్టాలి, మీ సలహా చెప్పకూడదు. వచ్చే ముందు ఆమె పౌరసత్వ పత్రంలో ఇంటిపేరు ఏ గడిలో పడిందో ఒకసారి చూసి, నమోదు ఫారంలో కూడా అలాగే రాయించండి. ఆ రోజు ఉదయం నేను అక్కడే ఉంటాను.